నా మీద నేను చేసుకున్న ముల్కీ విచారణ

కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు మా వీధిలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న వచ్చి, "తాతా, ముల్కీ అంటే ఎవరు?" అని అడిగింది. పరీక్షలో వస్తే రెండు మార్కులట. రెండు మార్కుల జవాబు నాకు తెలియదమ్మా అన్నాను. ఆ మాట ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తేల్చమని సర్కారు నాకు కొన్నేళ్ళు జీతమిచ్చింది. నేను తేల్చలేకపోయాను. తేల్చబోయి ఎట్లా బోల్తా పడ్డానో మాత్రం చెప్పగలను. మార్కులు రాకపోయినా వినండి.

నేను గిర్దావర్‌గా చేశాను. ఊళ్ళలో భూమి లెక్కలు రాసే పట్వారీల మీద పెత్తనం చెయ్యడం, తహసీల్దారు ముందు చేతులు కట్టుకోవడం, ఈ రెంటికీ మధ్యన ఉండే ఉద్యోగం అది. బోధన్ చుట్టుపక్కల ఊళ్ళు నా హల్కా, అంటే నేను సైకిలు మీద తిరగవలసిన ఇలాకా. ముల్కు అంటే దేశం. నిజాం రోజుల్లో హైదరాబాదు రాజ్యమే ఒక ముల్కు. ఆ రాజ్యపు మనిషి ముల్కీ, బయటినుంచి వచ్చినవాడు గైర్‌ముల్కీ. రాజు పోయాడు, యాభై ఆరులో రాష్ట్రం కూడా మూడు ముక్కలై మూడు దిక్కులకు పోయింది. మాట మాత్రం పోలేదు. తెలంగాణలో సర్కారు కొలువు కావాలంటే ముల్కీ సర్టిఫికెట్ తేవాలి. పదిహేనేళ్ళు ఎడతెగకుండా ఇక్కడ ఉన్నవాడికి ఇవ్వవచ్చునని రూలు. నిజంగా ఉన్నాడో లేదో ఊరికి వెళ్ళి విచారించి రిపోర్టు రాసేవాణ్ణి నేను. తహసీల్దారు సాబు నా రిపోర్టు చూసి సంతకం పెట్టేవాడు. చూసి అన్నది మర్యాదకు అన్నాను.

ఆ రోజుల్లో దొంగ సర్టిఫికెట్లు చాలా నడిచాయి. మా మేనల్లుడు మెట్రిక్ పాసై రెండేళ్ళు అరుగు మీద కూర్చున్నాడు. వాడికి రావలసిన గుమాస్తా పని నిన్న గాక మొన్న రైలు దిగినవాడికి పోయింది. నాకు కడుపు మండింది. నా హల్కాలో ఒక్క గైర్‌ముల్కీని కూడా దాటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. మనిషి నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాడో నేను చెప్పగలనని నాకొక నమ్మకం కూడా ఉండేది.

ఆ నమ్మకానికి ఎడపల్లిలో మొదటి దెబ్బ తగిలింది. చెరకు బండ్లవాళ్ళతో కలిసి తిరిగే ఒక యువకుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి చేతిలో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మీ బాపు ఏం జేస్తడు?" అని అడిగాను.

"బాపు సచ్చిపోయి శాన దినాలాయె అన్నా. అవ్వ ఉన్నది, గామెకు గూడ సూపు ఆనుతలేదు. గీ కొలువొక్కటి దొరికితె ఇంత గంజి తాగి బతుకుతం," అన్నాడు.

ఆ మాట తీరుకే నా మనసు కరిగిపోయింది. 'నిస్సందేహంగా ముల్కీ' అని రాసి, నిస్సందేహంగా కింద గీత కూడా గీశాను. అతనికి కొలువొచ్చింది. నాలుగు నెలలకు పెళ్ళి కుదిరింది, కృతజ్ఞత గల మనిషి, నన్ను పిలిచాడు. వెళ్ళి చూద్దును కదా, చచ్చిపోయిన బాపు పెళ్ళిపీటల పక్కన పట్టు పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు. చూపు ఆనని తల్లి నా సైకిలు, కచేరీ సంచీ చూసి అంత దూరంనుంచే గుర్తుపట్టి, "గిర్దావరు గారు వచ్చారండీ," అని కేకేసింది. అతని మేనమామ నా చేతిలో లడ్డూ పెట్టి, "మావాడు ఇటొచ్చి రెండేళ్ళన్నా కాలేదండీ. మీ భాష ఎంత బాగా పట్టేశాడో చూశారా!" అని మురిసిపోయాడు. ఆ లడ్డూ నా గొంతు దిగలేదు. దిగలేదన్నది అబద్ధం. తిన్నాను, ఇంకొకటి కూడా తిన్నాను. కానీ ఇంటిదాకా సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వచ్చాను.

మరునాడు మా పేష్కార్ సాబుకు సంగతి చెప్పాను. కచేరీలో కాగితాలన్నీ ఆయన చేతిమీదుగా పోయేవి. అత్తరు వాసన, మెత్తటి మాట, నిజాం కాలంనుంచి ఉన్న మనిషి. "మియా, ఆ పోరని సర్టిఫికెట్ కింద దస్తఖత్ ఎవరిది? రిపోర్టు ఎవరిది? వాణ్ణి పట్టిస్తె వాని ఎనుక నువ్వు గూడ పోతవ్. ఖామోష్ ఉండు," అన్నాడు. ఖామోష్‌గా ఉన్నాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడవలసిన పనే.

ఆ సిగ్గులోంచి నాకొక కొత్త సిద్ధాంతం పుట్టింది. నోటిమాట నేర్చుకుంటే వస్తుంది, నివాసం నలుగురు సాక్షులు చెబితే వస్తుంది. పుట్టిన చోటు మాత్రం ఎవడూ మార్చలేడు. ఈ మట్టి మీద పుట్టినవాడే ముల్కీ, తక్కినవాళ్ళు కారు. రూలులో ఆ మాట లేదు. రూలు కంటే నేను తెలివైనవాణ్ణి అనుకున్నాను.

ఆ సిద్ధాంతానికి మొదట దొరికింది ఒక ఆడపిల్ల. మోస్రా దారిలో, కాలువ నీళ్ళ కోసం కోస్తానుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ళ క్యాంపు ఒకటి ఉంది. ఆ పిల్ల తాతా నాయనమ్మా ఎప్పుడో ముప్పైలలో వచ్చారు. తండ్రి ఇక్కడే పెరిగాడు. పిల్లకు పద్దెనిమిది నిండాయి, టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. సోమవారం నిజామాబాదులో ముల్కీ సర్టిఫికెట్ చూపితే చేరవచ్చు, లేకపోతే సీటు తరువాతివాళ్ళకు పోతుంది. పల్లెలో ఆడపిల్లకు చదువు ఇంకొక్క ఏడాది ఆగిందంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సంబంధాలు అప్పటికే చూస్తున్నారు.

ఆ వారం మొదట్లో పట్వారీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ముసలామె మజ్జిగ ఇచ్చింది. మంచి పొడగరి, తెల్లచీర, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకు వినబడేది. పిల్ల ఎక్కడ పుట్టింది అని అడిగాను.

"తొలి కాన్పు కదా బాబూ, కోడల్ని పుట్టింటికి పంపించాం. తెనాలి దగ్గర. మూడో నెల దాటగానే తల్లీపిల్లని తెచ్చేసుకున్నాం," అంది.

పట్వారీ నా చెవిలో, "గీడనే పుట్టిందని రాయి సాబ్, ఎవడు జూడవొచ్చిండు?" అన్నాడు. ముసలామె చెవులు పాము చెవులు. "అబద్ధం ఎందుకు రాయడం? పుట్టింట్లో పురుడు పోసుకోవడం తప్పేవన్నానా?" అంది.

తప్పు కాదు గానీ నా సిద్ధాంతం ప్రకారం చాలు. 'జన్మస్థలం అన్య ప్రాంతం. ముల్కీగా పరిగణింపదగదు' అని అక్కడే, ఆమె మంచం మీదే కూర్చుని, ఆమె మజ్జిగ తాగి, రాసేశాను. అబద్ధం చెప్పినవాడికి గీత గీసి మరీ ఇచ్చినవాణ్ణి, నిజం చెప్పినామెకు కాదన్నాను.

అంతవరకూ తలుపు పక్కన నిలబడ్డ పిల్ల ముందుకొచ్చింది. "సార్, మూడు నెలల పిల్లగ వచ్చిన. గప్పటిసంది ఈ ఊర్లనే ఉన్న. సెలవులల్ల అమ్మమ్మోళ్ళ ఊరికి పోతె, తెలంగాణ పిల్ల వచ్చిందని నా మాట ఇనేటందుకు వాకిట్ల పోగైతరు. ఆడ నేను ఆడిదాన్ని కాదు, ఈడ ఈడిదాన్ని కాదంటున్నరు. మరి నేను ఏడిదాన్ని సార్?" అంది.

సరిగ్గా మా చెల్లెలు మాట్లాడినట్టే ఉంది. అందుకే నాకు భయం వేసింది. ఎడపల్లిలో మోసపోయిన చెవులు మళ్ళీ నన్ను మోసం చెయ్యబోతున్నాయని, గబగబా సైకిలెక్కాను.

మరునాడు కచేరీ ఎదుట హోటల్లో దీని మీద పెద్ద బహస్ అయింది. పేష్కార్ సాబు రూలు చదివినట్టే చెప్పాడు, పదిహేనేళ్ళున్నోడు ముల్కీ, ఖతం అని. పట్వారీ ఒప్పుకోలేదు. తాతను పూడ్చిన బొంద ఈడ ఉన్నోడే ముల్కీ అన్నాడు. హోటలాయన నూనె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "గివన్ని నాకెర్క లేదు. పొద్దుగాల రొట్టె అడిగేటోడు ముల్కీ, ఇడ్లీ అడిగేటోడు గైర్‌ముల్కీ," అన్నాడు. అప్పటికి మూడో ఇడ్లీ తుంచుతున్న పట్వారీకి కోపం వచ్చి లేచిపోయాడు. పుట్టినోడే ముల్కీ అని నేను బల్ల గుద్ది చెప్పాను. నలుగురం నాలుగు దేశాలు చేశాం. ఆ నాలుగింటిలో మేమందరం ఉన్నది మాత్రం ఒక్కటీ లేదు.

గురువారం నాడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. కొలువులో ఉన్నవాళ్ళు కూడా తమ తమ ముల్కీ సర్టిఫికెట్లు సర్వీసు పుస్తకంలో చేర్చాలట. నవ్వుతూ దరఖాస్తు నింపి ఇచ్చాను. పేష్కార్ సాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నా బల్ల మీదే పెట్టాడు.

"మీ ఇల్లు ఏ హల్కాల ఉన్నది జనాబ్?"

"నా హల్కాలనే."

"మరి విచారణ ఎవరు చెయ్యాలె?"

అట్లా నా మీద విచారణ నాకే వచ్చింది. ఇదేం కష్టమనుకున్నాను. స్కూలు రిజిస్టరులో పుట్టిన ఊరు మా ఊరే ఉంది. పద్ధతి ప్రకారం ఒక పెద్ద సాక్షి వాంగ్మూలం కావాలి. నన్ను కన్న మా అవ్వ కంటే పెద్ద సాక్షి ఎవరుంటారు? శుక్రవారం సాయంత్రం తెల్లకాగితాలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

ఇంట్లో అడుగు పెడితే నట్టింట్లో క్యాంపు ముసలామె. ఆమె, మా అవ్వ ఎదురెదురుగా కూర్చుని ఒకే చేటలో బియ్యం ఏరుతున్నారు. కచేరీలో పని కాకపోతే ఇంటి ఆడవాళ్ళను పట్టుకోవడం మా వైపు పాత ఆచారమే. నేను కోపం తెచ్చుకునేలోగా అవ్వ, "దా బిడ్డా. గీ వదినె పొద్దటిసంది వచ్చి కూసున్నది," అంది. అప్పటికే వదినె అయిపోయింది.

సర్కారు పని ముందు అని గంభీరంగా కాగితం పరిచాను. "అవ్వా, నేనడిగిందానికి జవాబు చెప్పు. నేను ఏడ పుట్టిన?"

"బిలోలి దిక్కు, మా తల్లిగారింట్ల," అంది అవ్వ, బియ్యంలోంచి రాయి తీసి పారేస్తూ.

నా కలం ఆగిపోయింది. బిలోలి మంజీర అవతల. యాభై ఆరులో అది బొంబాయి రాష్ట్రానికి, ఆ తరువాత మహారాష్ట్రకు పోయింది.

"గీడ పుట్టిన అని బడి పుస్తకంల ఉన్నది గదనే!"

"బడి పంతులు నిన్ను కన్నడా, నేను కన్ననా? తొలిసూరు కాన్పు అత్తగారింట్ల ఎవలన్న జేస్తర్రా? నెత్తి మీద దోసెడు సిగ్గన్న ఉండొద్దా! ఐదో నెలల కచ్చురం బండి మీద ఏరు దాటిచ్చి తెచ్చుకున్న." అవ్వకు కోపం వస్తే తరువాతి మాటలు మరాఠీలో వస్తాయి. అవి రాయను.

క్యాంపు ముసలామె తలెత్తలేదు. బియ్యం ఏరుతూనే ఉంది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెబుతున్నాయి. అయినా రెవెన్యూ బుర్ర కదా, సందు వెతికింది. "నేను పుట్టిననాడు బిలోలి గూడ నిజాం ముల్కులనే ఉండె. నేను పుట్టుకతోనే ముల్కీని. ఊరు తరువాత పోయింది," అన్నాను.

అప్పుడు తలెత్తింది ముసలామె. "మరే బాబూ. ఊరు అటు పోయింది, నువ్వు ఇటున్నావు. ఊరితో పాటు నువ్వూ పోయావని ఎవరన్నా అన్నారా? నువ్వెక్కడుంటే అక్కడివాడివే అన్నారు. మా పిల్లకీ ఆ మాటే అనమంటున్నా. వాళ్ళమ్మమ్మ ఊరు అక్కడుంది. ఇది ఇక్కడుంది," అంది.

మా అవ్వ వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "నిన్ను ఐదో నెలల తెచ్చిన. గామె మనుమరాలిని మూడో నెలల తెచ్చుకున్నది. నీ కంటె ఆ పిల్లనే రెండు నెలలు ముందుగాల వచ్చింది గదరా ఈ ముల్కులకు! గా పిల్లను గాదనేటందుకు నువ్వెవడివిరా?"

నా ఉద్యోగ జీవితంలో ఎందరో వకీళ్ళ వాదనలు విన్నాను. ఇంత సూటి వాదన వినలేదు. నాకు ఆ పిల్ల మీద కోపం ఎన్నడూ లేదు. ఎడపల్లి పెళ్ళిలో తిన్న లడ్డూ మీద కోపం. దాన్ని తెచ్చి ఈ పిల్ల నెత్తి మీద కొట్టాను. అది అన్యాయమని నాకు ఇప్పుడు కాదు, ఆ మంచం మీద కూర్చుని రాస్తున్నప్పుడే తెలుసు.

శనివారం కచేరీ ఒంటిపూట. తహసీల్దారు సాబు పది రోజుల సెలవు మీద పోతున్నాడు, జీపు అప్పటికే వాకిట్లో గురగురమంటోంది. నేను కూర్చుని నా విచారణ రాశాను. పద్ధతి తప్పకుండా, ప్రశ్న నేనే అడిగి జవాబు నేనే చెప్పి, రెండు చోట్లా నేనే సంతకం పెట్టాను. పేష్కార్ సాబు దాన్ని గట్టిగా చదివి అందరికీ వినిపించాడు. 'సదరు వ్యక్తిని ప్రశ్నించగా, సదరు వ్యక్తి కొంత తడబడి, తాను బిలోలి వైపు పుట్టినట్టు ఒప్పుకున్నాడు. సదరు వ్యక్తి స్వభావం మంచిదని విచారణాధికారికి స్వయంగా తెలుసు.' చప్రాసీలు కూడా నవ్వారు. చివర్లో, 'తొలి కాన్పు ఆచారం వల్ల జన్మస్థలం బయట అయినను, పసితనంనుంచి నివాసం ఇక్కడే గనుక ముల్కీ' అని రాశాను. రెండో కాగితం మీద ఆ పిల్ల గురించి అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం రాశాను. దాని పైన, 'ఇంతకు ముందు రాసిన నా రిపోర్టు తప్పు' అని కూడా రాశాను. గిర్దావర్ అన్నవాడు ఆ మాట రాయడం నేనెన్నడూ చూడలేదు.

సాబు రెండూ చదివి కళ్ళజోడు తీశాడు. "ఆ దినం కాదంటివి, గీ దినం అవునంటున్నవ్. ఏం తిన్నవయ్యా?"

"మజ్జిగ సాబ్. అదిగూడ కాదనక ముందే. మాట మార్పిచ్చింది మా అవ్వ."

సస్పెండ్ అంటాడనుకున్నాను. సాబు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించి, "నేను గూడ మా అమ్మమ్మగారింట్లనే పుట్టిన. షోలాపూర్ల. అది నిజాం ముల్కు ఎన్నడు గాదు, అంగ్రేజోళ్ళది. నీ పాత రిపోర్టు చొప్పున జూస్తె గీ కుర్చీ నాది గాదు. ఆ కాగితం చింపెయ్, బయట చెప్పకు," అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు కాబట్టి చెబుతున్నాను.

ఆ పిల్ల కాగితం మీద సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. నా కాగితం మాత్రం పక్కకు నెట్టాడు. "తన మీద తాను విచారణ చేసుకుంటె చెల్లదు. వేరే గిర్దావర్‌తోని చేయించి పెట్టు," అని జీపెక్కాడు.

సర్టిఫికెట్ నేనే సైకిలు మీద తీసుకెళ్ళి ఇచ్చాను. నాకు మనసారా సంతోషంగా ఉంది, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. సోమవారం ఆ పిల్ల నిజామాబాదు బస్సెక్కింది. ట్రైనింగు అయ్యాక రెంజల్ వైపు బడిలో టీచరైంది. ఎడపల్లివాడు నా కంటే పెద్ద హోదాలో రిటైరయ్యాడు. ఇప్పుడు ఇక్కడికొచ్చి మూడు పదిహేనేళ్ళు కావస్తోంది, మా భాష నాకంటే బాగా మాట్లాడతాడు. అతన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

నా విచారణ కోసం పక్క హల్కా గిర్దావర్‌ను మూడుసార్లు అడిగాను. అతను నవ్వాడు, నవ్వుతూనే బదిలీ అయిపోయాడు. కాగితం పెండింగ్‌లో పడింది.

నాలుగేళ్ళ తరువాత ఒకరోజు క్యాంపునుంచి కబురొచ్చింది, అర్జెంటుగా రమ్మని. కాలువ గట్టు తగాదా ఏమోనని వెళ్ళాను. ముసలామె బాగా వంగిపోయింది గానీ గొంతు వంగలేదు. నట్టింట్లో ఉయ్యాల, అందులో పదకొండు రోజుల పసివాడు. తొలి కాన్పుకు మనవరాలు పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లు ఇదే కదా.

"వీడు ఇక్కడే పుట్టాడు బాబూ. ఈ గదిలోనే. రాసియ్యి," అంది.

"ఇప్పుడెందుకమ్మా? కొలువు అడిగేనాటికి చూసుకోవచ్చు."

"అప్పటికి నేనుండను. మీ అమ్మా ఉండదు. ఇంకో గిర్దావరు వస్తాడు, వాడికి చెప్పేదెవరు?"

రూలు లేదు, దరఖాస్తు లేదు, ముద్ర లేదు. అయినా ఆ మంచం మీదే, ఆనాడు కాదని రాసిన చోటే కూర్చుని, 'ఈ పసివాడు ఇక్కడే పుట్టాడు, పదకొండో నాడు ఇదే ఇంటి ఉయ్యాలలో నేను కళ్ళారా చూశాను' అని రాసి సంతకం పెట్టాను. ఆమె చదువు రాని మనిషి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు రాస్తే చెల్లుతుందా బాబూ? నీ సంగతి తేలిందా?" అని అడిగింది.

ఇంకా తేలలేదమ్మా అన్నాను. ఆ తరువాత ఆ రూల్సే పోయాయి, నేను రిటైరయ్యాను, ఇప్పటికీ తేలలేదు.